ముందడుగు తాతయ్య

మా చిన్నతాతయ్య తన ఎనభై ఒక్కేళ్ళ జీవితంలో ఏ మనిషినీ తనకన్నా ముందు ఏ గుమ్మమూ దాటనివ్వలేదు. గుమ్మమే కాదు. మెట్లు, లిఫ్టు, బస్సు, కొత్త కుర్చీ, కొత్త సబ్బు, పొయ్యి మీంచి అప్పుడే దింపిన కూర, ఏదైనా సరే ముందు ఆయన, ఆ తర్వాతే లోకం. దానికి ఆయన చెప్పే కారణం ఒక్కటే.

"అనుమానంగా ఉంది."

ఏమిటి అనుమానం అని అడగకూడదు. అడిగితే అడిగినవాళ్ళ మీద అనుమానం వచ్చేది. అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో ఆ భూతానికి వీధి వైపు గది, కిటికీ పక్కన మంచం, పొద్దున్నే ఆరింటికి టీ కూడా ఉండేవి. ఎవరైనా "ముందు నుయ్యి, వెనక గొయ్యి" అని వాపోతే, "మీరిక్కడే ఉండండి, నుయ్యి ఎంత లోతుందో చూసొస్తా" అని చెప్పులేసుకునే రకం ఆయన. వీధిలో అందరూ చాటుగా 'ముందడుగు' అని పిలిచేవాళ్ళు. ఆ పేరు ఎవరు పెట్టారా అని ఆయన ఇరవై ఏళ్ళు ఒక్కొక్కళ్ళనీ అనుమానిస్తూ వచ్చారు. పెట్టింది మా అమ్మ.

ఆయన మా తాతయ్యకు తమ్ముడు. నేను పుట్టేటప్పటికే మా తాతయ్య లేరు కాబట్టి నాకు తెలిసిన తాతయ్య ఈయనే. పిల్లలు లేరు. ఆయనా, చిన్ననానమ్మా మొదట్నుంచీ మాతోనే ఉండేవాళ్ళు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పటికీ మా ఇంట్లో కూర దింపగానే ఎవరమూ గిన్నె మీద చెయ్యి వెయ్యం, కాసేపు ఆగుతాం. ఎందుకు ఆగామో గుర్తొచ్చాక నవ్వుకుని వడ్డించుకుంటాం.

ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన యుద్ధానికి వెళ్ళి మూడేళ్ళుండి వచ్చారు. పనిచేసింది మందుపాతరలు వెతికే దళంలో. అందులో ముందు ఒకడు నడుస్తాడట. చేతిలో సన్నటి ఇనప చువ్వ పట్టుకుని, నేలని ఏటవాలుగా గుచ్చి చూస్తూ, తన వెనక తెల్లటి పట్టీ పరుచుకుంటూ వెళ్తాడు. మిగతా దళమంతా ఆ పట్టీ దాటకుండా అడుగులో అడుగు వేసుకుంటూ రావాలి. మూడేళ్ళూ ఆ ముందు నడిచినవాడు ఈయనే.

ఓసారి అడిగాను. "ఎప్పుడూ మీరేనా తాతయ్యా? వంతులుండవా?"

"ఉంటాయి."

"మరి?"

"నా పాదాలు చిన్నవి. ఆరో నంబరు బూటు. మిగతావాళ్ళవన్నీ ఏనుగు పాదాలు. వాళ్ళు ముందు నడిస్తే అనుమానం."

అంతకుమించి యుద్ధం గురించి ఆయన నోట ఒక్క మాట రాలేదు. పతకం ఒకటి ఇచ్చారు గానీ దాన్నీ నమ్మలేదు. కొరికి చూసి, "ఇది వెండి కాదు" అని తేల్చేసి చిన్ననానమ్మ సూదుల డబ్బాలో పడేశారు. యుద్ధం అయిపోయిందని ఊరందరికీ తెలుసు. ఆయనకి మాత్రం ఎవరూ నమ్మకంగా చెప్పినట్టు లేదు. తిరిగొచ్చాక రైల్వేలో చేరి, పొడుగాటి సుత్తితో పట్టాలు తట్టి చూసుకుంటూ ముప్పై ఏళ్ళు రైళ్ళకన్నా ముందు నడిచారు. అంతకంటే అతికినట్టు సరిపోయే ఉద్యోగం ఆయనకి ఇంకొకటి దొరికేది కాదు.

నా పదో పుట్టినరోజుకి నాన్న పెద్ద కేకు తెచ్చారు. దాని మీద గులాబీ రంగు క్రీముతో పువ్వులు, పువ్వుల మధ్య నా పేరు. వీధిలో పిల్లలందరూ పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. నేను కత్తి ఎత్తాను.

"ఆగు పొట్టీ," అన్నారు చిన్నతాతయ్య. చేతిలో చిన్ననానమ్మ స్వెటర్లు అల్లే సూది ఉంది.

"ఏమైంది తాతయ్యా?"

"ఇంత మెత్తగా ఎందుకుంది? లోపల ఏముందో."

కేకుని పదకొండు చోట్ల గుచ్చారు. ఏటవాలుగా, వరసగా, పక్కకి జరుగుతూ గుచ్చారు. ఆ తర్వాత మూల ముక్క కోసుకుని నోట్లో వేసుకుని గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. పది నిమిషాలపాటు పద్నాలుగు మంది పిల్లలు పళ్ళేలు పట్టుకుని ఒక ముసలాయన గొంతు వైపే చూస్తూ నిలబడ్డారు. చివరికి ఆయన, "ఊఁ, ఫరవాలేదు, తినండి" అన్నారు. అప్పటికి కేకు జల్లెడలా ఉంది. నా పేరులో రెండక్షరాలు ఆయన కడుపులో ఉన్నాయి.

"పసిపిల్ల పుట్టినరోజున కూడా మొదటి ముక్క ఈయనకేనా!" అని అమ్మ వంటింట్లో గిన్నెలతో చెప్పుకుంది. గిన్నెలు కూడా గట్టిగానే సమాధానం చెప్పాయి.

ఇంకోసారి చెరువులో పడవ షికారు. పడవవాడు చెయ్యి అందించి "రండమ్మా" అన్నాడో లేదో, ఈయన అందర్నీ తోసుకుని ముందెక్కారు. ఎక్కినవాడు కూర్చోవచ్చు కదా. గట్టిదనం చూడ్డానికి పడవ మధ్యలో నిలబడి మూడుసార్లు గెంతారు. మూడో గెంతుకి పడవ ఒక పక్కకి, ఆయన ఇంకో పక్కకి వెళ్ళిపోయారు. మొల లోతు నీళ్ళలోంచి లేచి, నెత్తి మీద నాచుతో, వేలెత్తి చూపించారు.

"చూశారా! నేను చెప్పలా, అనుమానంగా ఉందని!"

"అయ్యా, అలా గెంతితే ఓడైనా మునుగుద్దండీ," అన్నాడు పడవవాడు.

"అదే నేను చెప్పేది. పిల్లలు గెంతరా? వాళ్ళకేం తెలుసు?"

ఆ రోజు మేమెవరమూ పడవెక్కలేదు. ఒడ్డున కూర్చుని ఆయన చొక్కా ఆరేదాకా వేరుశనక్కాయలు తిన్నాం. మొదటి గింజ ఎవరు తిన్నారో చెప్పక్కర్లేదు.

నాకు ప్రింటింగ్ ప్రెస్సులో ఉద్యోగం వచ్చింది. అచ్చుతప్పులు పట్టే పని. అంటే ఒక రకంగా నాదీ అనుమానాల వృత్తే. చేరాల్సిన రోజున కొత్త బట్టలేసుకుని వెళ్ళి యజమాని ముందు నిలబడ్డాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశారు.

"మళ్ళీ చేరడానికొచ్చారా? నిన్న మీ ఇంటినుంచి ఒకాయన చేరి వెళ్ళారే?"

విషయమేమిటంటే, ముందురోజు పొద్దున్నే చిన్నతాతయ్య వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నారట. కుర్చీ కాళ్ళు ఊపి చూశారట. మిషన్ల దగ్గర జడ చిక్కుకునే సందులున్నాయేమోనని చొక్కా దారం వేలాడదీసి చూశారట. మధ్యాహ్నం అక్కడి వాళ్ళ డబ్బాల్లోంచి తలో ముద్దా రుచి చూశారట. సాయంత్రం వెళ్తూ వెళ్తూ యజమానితో, "రేపు నాకు బదులు మా పిల్ల వస్తుంది. ఆ కిటికీ పక్క మెట్టు మీద నూనె ఉంది, తుడిపించండి" అన్నారట. ఆ ప్రెస్సులో ఇప్పటికీ నన్ను 'రెండో రోజు అమ్మాయి' అనే పిలుస్తారు.

చిన్ననానమ్మ మాత్రం ఈ గోలలో వేలు పెట్టేది కాదు. ఆవిడ ఒక దర్జీ షాపుకి ఇంటినుంచే కాజాలు కుట్టి ఇచ్చేది. వీధి గదిలో కిటికీ దగ్గర చిన్న ముక్కాలి పీట, ఒళ్ళో చొక్కాల గుట్ట. మిషన్ మీద కుట్టిన కాజా పక్కన ఆవిడ చేత్తో కుట్టిన కాజా పెడితే మిషన్ సిగ్గుపడేది. బయటికి వెళ్ళేటప్పుడు ఆయన ముందు, ఆవిడ మూడడుగుల వెనక. ఆయన ఎక్కడ కాలు వేస్తే అక్కడే వేసేది. ఆయన గుంత తప్పించుకుంటే ఆవిడా తప్పించుకునేది, ఆయన ఉత్తపుణ్యానికి పక్కకి జరిగితే ఆవిడా జరిగేది. చూసేవాళ్ళకి ఎంత నవ్వొచ్చినా ఆవిడకి ఏమీ పట్టేది కాదు.

"మీకు కోపం రాదా చిన్నత్తయ్యా? ఎప్పుడు చూసినా ఆయనే ముందు!" అనేది అమ్మ.

"నాకు కాజాలకే టైము చాలట్లేదమ్మా. కోపానికెక్కడిది?"

అలాంటి ఆవిడ కళ్ళకి శుక్లాలొచ్చాయి. మొదట సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచేది. తర్వాత తెల్ల చొక్కా మీద తెల్ల దారం కనపడ్డం లేదంది. చివరికి ఒకరోజు దర్జీ షాపు యజమాని ఓ గుట్ట చొక్కాలు తిరిగి తెచ్చి, బల్ల మీద పెట్టి, తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ వాటిని ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమి చూసి మడత పెట్టేసింది. ఆ మధ్యాహ్నం భోజనానికి రాలేదు.

కంటి డాక్టరు చూసి, "బాగా ముదిరిపోయిందమ్మా, రెండు నెలల్లోగా తీసెయ్యాలి. ఆలస్యమైతే తర్వాత నేనైనా చేసేదేం ఉండదు" అన్నారు. చిన్ననానమ్మ తలూపింది గానీ ఇంటికొచ్చాక వాయిదాలు మొదలుపెట్టింది. ఈ స్కూలు చొక్కాలవ్వనీ. ఎండలు తగ్గనీ. వానలు తగ్గనీ. అసలు సంగతి మాకందరికీ తెలుసు. ఆ దర్జీ షాపులోనే గుడ్డలు కత్తిరించే పెద్దాయన ఒకరు కంటి ఆపరేషన్ అంటూ వెళ్ళి, కర్ర పట్టుకుని తిరిగొచ్చాడు. ఆ మాట ఆవిడ పైకి అనలేదు, మేమూ అనలేదు. నెల గడిచిపోయింది. ఆఖరికి అమ్మ గట్టిగా కూర్చుని పోట్లాడి, మరో నాలుగు వారాల్లో వచ్చే బుధవారానికి ఆవిడ చేత ఊఁ అనిపించింది. ఆ డాక్టరు ఆ ఆస్పత్రికి వచ్చేది బుధవారాలే.

ఆ మర్నాటి నుంచి నాకు చిన్నతాతయ్య మీద అనుమానం మొదలైంది. అనుమానించడం నేర్పింది ఆయనే కాబట్టి తప్పు నాది కాదు.

వరసగా రెండు బుధవారాలు ఆయన గొడుగు చంకలో పెట్టుకుని, "ఇది బాగుచేయించుకొస్తా" అని వెళ్ళారు. గొడుగు బాగానే ఉంది. తిరిగొచ్చినప్పుడూ అంతే బాగా ఉంది. పైగా ఇంట్లో అందరి మీదా అనుమానపడే మనిషి ఆ రెండు వారాలూ దేని మీదా అనుమానపడలేదు. కొత్త చీపురు తెస్తే ముందు తను ఊడ్చి చూడలేదు. ఇక నాకు నిద్రపట్టలేదు.

మూడో బుధవారం ఒక పూట సెలవు పెట్టి వెంబడించాను. ఆయన్ని వెంబడించడం చాలా తేలిక. ముందు తప్ప వెనక్కి చూసే అలవాటు లేదు కదా. నేరుగా కంటి ఆస్పత్రికి వెళ్ళి గేటు పక్కన బెంచీ మీద కూర్చున్నారు. కంటికి పట్టీ కట్టుకుని ఎవరు బయటికొచ్చినా పట్టుకుంటున్నారు.

"సూది ఎక్కడ పొడిచారు? ఎంతసేపు? డాక్టరు చెయ్యి వణికిందా? నిజం చెప్పండి."

"మీరు పోలీసులాండీ?" అన్నాడు పట్టీ కట్టుకున్నాయన బెదిరిపోయి.

"పోలీసులైతే ఇన్ని ప్రశ్నలడుగుతారా?"

తర్వాత లోపలికి వెళ్ళారు. గంటన్నర బయటికి రాలేదు. నేను ఇంటికి పరిగెత్తి అమ్మతో చెప్పాను.

"ఇంకేముంది, ఆపరేషన్ చెడగొట్టడానికే చూస్తున్నారు," అని అమ్మ నడుం బిగించింది. "అనుమానంగా ఉంది అని చెప్పి డాక్టర్నే పారిపోయేలా చేసినా చేస్తారు. ఆ రోజు ఆయన్ని కనిపెట్టుకుని ఉండే పూచీ నీది."

ఆ రోజు రానే వచ్చింది. ఆస్పత్రి వరండాలో పొడుగాటి బల్ల మీద కూర్చున్నాం. చిన్ననానమ్మ చేతిలో చీటీ, దాని మీద నాలుగో నంబరు. ఆవిడ ఒళ్ళో చేతిసంచీని రెండు చేతులా పట్టుకుంది. వేళ్ళు తెల్లబడిపోయాయి. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. నేను కళ్ళార్పకుండా చిన్నతాతయ్యనే చూస్తున్నాను. ఆయన బుద్ధిమంతుడిలా గోడ మీద నినాదాలు చదువుకుంటున్నారు.

తలుపు తెరుచుకుంది. "నాలుగో నంబరు!" అంది నర్సు.

చిన్ననానమ్మ లేవలేదు. చిన్నతాతయ్య లేచారు. ఆవిడ చేతిలోంచి చీటీ తీసుకుని, తలుపు దగ్గరికి నడిచి, "ముందు నేను" అన్నారు. నర్సు ఏమీ ఆశ్చర్యపోకుండా చీటీ అందుకుంది. తలుపు మూసుకుంది.

"చిన్న మామయ్యగారూ! అది అత్తయ్య నంబరు!" అని అమ్మ మూసిన తలుపుతో అరిచింది.

ఇంకో నర్సు వచ్చి, ఈ రోజుకి జాబితా అయిపోయిందనీ, చిన్ననానమ్మది వచ్చే బుధవారమనీ చల్లగా చెప్పింది. అమ్మ మొహం చూడాలి.

"గుమ్మం ముందు ఆయనకి, ముద్ద ముందు ఆయనకి, ఆఖరికి కళ్ళ ఆపరేషన్ కూడా ముందు ఆయనకేనా! ఆవిడ ఇక్కడికి రావడానికే గుండె చిక్కబట్టుకుని వచ్చిందే! మళ్ళీ వస్తుందా? ఏం మనిషమ్మా!"

"పోనీలే అమ్మాయ్," అంది చిన్ననానమ్మ. సంచీ మీద నుంచి చేతులు తీసి, అందులోంచి బిస్కెట్ల పొట్లం విప్పి రెండు తింది. నేనూ కోపంలోనే ఉన్నాను కాబట్టి ఆ బిస్కెట్ల సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

ఆ వారం ఇంట్లో చిన్నతాతయ్యతో ఎవరూ మాట్లాడలేదు. అమ్మ ఆయన కంచం పెట్టే చప్పుడుకి పక్కింటివాళ్ళు తొంగిచూసేవాళ్ళు. ఆయనకి అదేమీ పట్టినట్టు లేదు. మర్నాడు పట్టీ విప్పిన దగ్గర్నుంచీ తన కొత్త కంటిని ఆయన అనుమానిస్తూనే ఉన్నారు. రెండో కన్ను మూసుకుని మందు సీసాల మీద చీమల్లాంటి అక్షరాలు చదివేవారు. ఎదురింటి డాబా మీద ఇటుకలు లెక్కపెట్టి, వాళ్ళ తలుపు తట్టి, మొత్తం ఎన్ని ఇటుకలు వాడారని అడిగారు. చిన్ననానమ్మ సూదుల డబ్బా ముందేసుకుని, ఉన్న నలభై ఒక్క సూదుల్లోనూ తెల్ల దారం ఎక్కించి, గుమ్మానికి తోరణంలా వేలాడదీశారు.

"సిగ్గు లేకపోతే సరి," అంది అమ్మ, ఆయనకి వినపడేలా. "ఆవిడ కళ్ళు లాక్కుని ఆవిడ ముందే సూదుల్లో దారాలెక్కిస్తున్నారు."

సోమవారం ఆయన కన్ను చూపించడానికి ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సింది నేనే. ఆయన్ని డాక్టరు లోపలికి పిలిచారు. బయట అదే నర్సు నన్ను చూసి నవ్వింది.

"మీ తాతగారు మూడు వారాలు మమ్మల్ని నమిలి మింగేశారండీ."

"ఏం చేశారు?"

"మీకు తెలీదా? ఆయన కంట్లో పొర ఇంకా లేతది. రెండేళ్ళ దాకా ముట్టుకోనక్కర్లేదని డాక్టరుగారు చెప్పారు. వింటేనా! 'ఆ బల్ల మీద ముందు నేను పడుకుని లేవాలి. లేకపోతే మా ఆవిడ పడుకోదు, పడుకున్నా భయంతో కదిలిపోతుంది' అంటారు. డాక్టరుగారు కుదరదన్నారు. ఈయన గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళందర్నీ ప్రశ్నలడిగారు. ఇద్దరు భయపడి ఇంటికెళ్ళిపోయారు కూడా. ఈ బాధ పడలేక డాక్టరుగారే, వారం ఆలస్యమైతే ఆవిడ కంటికేం కాదులే అని ఒప్పుకున్నారు."

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఆయన పక్కన కూర్చుని అడిగాను.

"ఇంట్లో ఒక్క మాట చెప్పొచ్చుగా తాతయ్యా? అమ్మ వారం నుంచీ తిడుతోంది."

"చెబితే మీ నానమ్మకి తెలుస్తుంది. తెలిస్తే నన్ను వెళ్ళనిస్తుందా? మీ కంటికేమైనా అయితే ఎలా అని అడ్డం పడుకుంటుంది."

"మరి నిజంగానే ఏమైనా అయ్యుంటే?"

"అప్పుడు ఆ డాక్టరు దగ్గరికి ఆవిణ్ణి తీసుకెళ్ళకూడదని తెలిసేది కదే!"

కూరగాయలు పుచ్చో మంచివో చూసుకుని కొనమన్నంత మామూలుగా అన్నారు. నాకు ఒక్కసారిగా సిగ్గేసింది. నా కుర్చీ ఊపి చూసినందుకు ఎన్నేళ్ళు మూతి ముడుచుకున్నానో, పుట్టినరోజు కేకు గురించి ఎంతమందికి చెప్పి నవ్వించానో గుర్తొచ్చింది. ఆయన తిన్న మొదటి ముద్ద ఏదీ ఆయన ఆకలి కోసం తిన్నది కాదు. కళ్ళలో తిరుగుతున్న నీళ్ళు కనబడకుండా కిటికీ వైపు తిరిగాను.

"ఆ కిటికీ ఊచ వదులుగా ఉంది, అనుమానంగా ఉంది, ఇటు జరుగు," అని ఆయన నన్ను లేపి కిటికీ పక్కన తను కూర్చున్నారు. ఈసారి నేను ఎదురు చెప్పలేదు.

మంగళవారం సాయంత్రం చిన్నతాతయ్య, చిన్ననానమ్మ ముక్కాలి పీట ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అమ్మకి అప్పటికే నేను చెప్పేశాను. అమ్మ తలుపు పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదిగో, విను," అన్నారు. "గుమ్మం దాటగానే రెండు మెట్లు. రెండోది కాస్త ఎత్తు, చూసుకో. ఎడమ పక్కన బల్ల. వీపుకి చల్లగా తగులుతుంది, అది ఇనుము, భయపడకు. కంటి కింద సూది పొడుస్తారు. పది లెక్కపెట్టు. ఏడు దగ్గర నొప్పి పోతుంది. తర్వాత పసుపు వెలుగు, ఆ తర్వాత నీలం. చప్పుడొకటొస్తుంది, నూనె వెయ్యని కుట్టు మిషన్ చప్పుడు. ఏడువందల ఇరవై లెక్కపెట్టేసరికి అయిపోతుంది."

"మధ్యలో దగ్గొస్తే?"

"చెయ్యెత్తు, ఆపుతారు. నేను దగ్గి చూశాను."

"తుమ్మొస్తే?"

"అదీ చూశాను. డాక్టరు తిట్టాడు గానీ ఆపాడు."

చిన్ననానమ్మ మెల్లగా అడిగింది. "మరి షాపులో పెద్దాయనకి అలా ఎందుకైందండీ?"

ఆ ప్రశ్న ఆవిడ పైకి అడగడం అదే మొదలు.

"అతను వెళ్ళింది వేరే చోటికి. పైగా చెప్పిన మందులు వెయ్యలేదు. ఇంటికెళ్ళి కనుక్కున్నాను."

"అయితే సరే," అంది చిన్ననానమ్మ. ఆ పూట కడుపునిండా తింది.

బుధవారం నర్సు "నాలుగో నంబరు!" అని పిలిచింది. చిన్నతాతయ్య తలుపు దాకా వెళ్ళి, పక్కకి తప్పుకుని నిలబడ్డారు. ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, ఆయన్ని దాటుకుని ముందు వెళ్ళింది. రెండో మెట్టు దగ్గర కాలు కాస్త ఎత్తి వేసింది.

తలుపు మూసుకున్నాక ఈయన వరండాలో నిలబడి పైకే లెక్క మొదలుపెట్టారు. అయిదొందల దగ్గర చెమటలు. ఏడువందల దగ్గర అమ్మ చెయ్యి పట్టుకున్నారు. ఏడువందల ఇరవై అయింది, తలుపు తెరుచుకోలేదు. ఏడువందల యాభై. ఎనిమిది వందలు. ఎనిమిది వందల పదకొండు దగ్గర డాక్టరు నవ్వుతూ బయటికొచ్చారు.

"తొంభై ఒకటి ఎక్కువైంది! ఏం చేశారు లోపల?"

"నేనేం చేశానండీ? మీ ఆవిడే మధ్యలో చెయ్యెత్తి ఆపించారు. 'ఈపాటికి నీలం రావాలి, ఇంకా పసుపే ఉంది, నాకు అనుమానంగా ఉంది' అన్నారు. నీలం వచ్చాకే చెయ్యనిచ్చారు. మొత్తానికి బ్రహ్మాండంగా అయింది."

చిన్నతాతయ్య బల్ల మీద కూలబడ్డారు. అమ్మ ఆయనకి మంచినీళ్ళిచ్చింది, వారం తర్వాత మొదటిసారి చప్పుడు చెయ్యకుండా.

మర్నాడు పొద్దున చిన్ననానమ్మ కంటి పట్టీ విప్పారు. ఆవిడ మెల్లగా రెప్ప తెరిచి గోడ చూసింది, కిటికీ చూసింది, నన్ను చూసి "నువ్వింత చిక్కిపోయావేమే" అంది. తర్వాత మంచం పక్కన నిలబడ్డ చిన్నతాతయ్యని తేరిపార చూసింది. తలనుంచి మొదలుపెట్టి ఆవిడ చూపు చొక్కా దగ్గర ఆగిపోయింది. చెయ్యి చాచి ఆయన్ని దగ్గరికి లాక్కుంది.

"ఏవండీ, ఈ గుండీలెవరు కుట్టారు? కాజా ఒకచోట, గుండీ ఒకచోట! ఈ దారమేమిటి, నీలం చొక్కాకి ఆకుపచ్చ దారమా? ఎవడండీ వాడు?"

నేనూ అమ్మా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆ చొక్కా మూడు నెలల కిందట ఆవిడ కుట్టిందే. కొత్త చెప్పుల్నీ, కొత్త చీపుర్నీ, ప్రభుత్వం ఇచ్చిన పతకాన్నీ నమ్మని మనిషి, ఒక్క మాట అనకుండా మూడు నెలలుగా అదే తొడుక్కుని వీధిలో తిరుగుతున్నారు.

"బజార్లో ఎవడో దర్జీలే," అన్నారు చిన్నతాతయ్య. "వాడి మీద నాకు మొదట్నుంచీ అనుమానమే."

చిన్ననానమ్మ ఆ దర్జీని సాయంత్రం దాకా తిట్టింది. ఆయన ప్రతి తిట్టుకీ తలూపుతూ, పక్కనే కూర్చున్నారు.